జిప్సీ, ఎస్టీమ్ 1.3 ఇంజిన్ కింది సగం మళ్ళీ బిగించడం: క్రాంకు నుంచి చాంబరు దాకా

మారుతి జిప్సీ కింగ్, ఎస్టీమ్ రెండింట్లోనూ ఉన్నది సుజుకీ జి13 ఇంజినే. నాలుగు సిలిండర్లు, 74 మి.మీ. బోరు, 75.5 మి.మీ. స్ట్రోకు, 1298 సీసీ. అల్యూమినియం బ్లాకు, లోపల పోత ఇనుము స్లీవులు, క్రాంకుకి (పిస్టన్ల పైకీ కిందికీ కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసుకి) ఐదు మెయిన్ బేరింగులు. ఎస్టీమ్‌లో అడ్డంగా, జిప్సీలో నిలువుగా కూర్చుంటుంది తప్ప కింది సగం పని దాదాపు ఒకటే. 1985లో వచ్చిన తొలి జిప్సీలో ఉన్నది 970 సీసీ ఎఫ్10ఏ. అది వేరే ఇంజిన్, కింది కొలతలు దానికి వాడకండి.

బోరింగ్ (సిలిండరు తొలవడం), హోనింగ్ (దాని గోడని రాయితో తీర్చడం), క్రాంకు గ్రైండింగ్ పూర్తయి, బ్లాకు లేత్ షాపు నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ చెబుతున్నాం. హెడ్డు పని ఇందులో లేదు.

ముందే ఒక మాట. ఈ పని అంతటా ఒక అలవాటు పట్టుకోవాలి: ఏదైనా బిగించిన ప్రతిసారీ క్రాంకు ఒక పూర్తి చుట్టు తిప్పి చూడటం. అన్నీ బిగించేశాక క్రాంకు పట్టేసిందని తెలిస్తే ఐదు మెయిన్ క్యాపులు (బేరింగు మీద బిగించే మూతలు), నాలుగు రాడ్లలో (పిస్టన్ని క్రాంకుతో కలిపేవి) తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక్కోటి బిగించి తిప్పుతూ పోతే, ఎక్కడ బరువు పెరిగిందో అక్కడే తప్పు. "స్టార్ట్ చేస్తే ఫ్రీ అయిపోతుందిలే" అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. కొత్త రింగుల రాపిడి కొంత తగ్గే మాట నిజమే. బేరింగులో బిగువు మాత్రం ఫ్రీ అవ్వదు, కాలిపోతుంది.

దగ్గర ఉండాల్సినవి

టార్క్ రెంచి రెండు కావాలి. ఒకటి 10 న్యూటన్ మీటర్ల దగ్గర నమ్మకంగా పనిచేసే చిన్నది, ఇంకొకటి 100 దాకా వెళ్ళేది. పెద్ద రెంచితో చాంబరు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) బోల్టులు బిగిస్తే అల్యూమినియం మరలు లేచిపోతాయి. మైక్రోమీటర్లు రెండు: 25–50 మి.మీ. రకం క్రాంకు జర్నల్స్‌కి (మెయిన్ బేరింగుల్లో తిరిగే భాగాలు), పిన్నులకి (రాడ్లు పట్టే భాగాలు) సరిపోతుంది. 50–75 రకం పిస్టన్‌కి. బోరు గేజి, ఫీలర్ గేజి, పచ్చరంగు ప్లాస్టిగేజ్ (అణిగిన వెడల్పుని బట్టి బేరింగు సందు చెప్పే మెత్తని దారం, 0.025 నుంచి 0.076 మి.మీ. వరకు చూపేది), రింగ్ కంప్రెసర్, స్టాండుతో డయల్ గేజి కూడా ఉండాలి. అల్యూమినియం బ్లాకుకి మాగ్నెట్ స్టాండు అంటుకోదు. చాంబరు బోల్టు రంధ్రాల్లో ఒక ఇనుప పట్టీ బిగించి, స్టాండుని దాని మీద నిలబెట్టండి.

కడగడం

సరిగ్గా బిగించిన ఇంజిన్లు కూడా కొద్ది రోజులకే బేరింగులు కొట్టేసుకోవడానికి పెద్ద కారణం మురికి. అది కంటికి కనిపించే మురికి కాదు. గ్రైండింగ్ రాయి పొడి, ఇనుప రజను కలిసి క్రాంకు లోపలి ఆయిల్ దారుల్లో ముద్దలా ఉండిపోతాయి. ఈ దారులు మెయిన్ జర్నల్ నుంచి క్రాంక్ పిన్నుకి ఏటవాలుగా వెళతాయి. ఊరికే గాలి కొడితే ముద్ద రాదు. సన్నని నైలాన్ బ్రష్షు కిరసనాయిలులో ముంచి, ప్రతి రంధ్రంలోంచీ అవతలి వైపు వచ్చేదాకా పలుసార్లు తోయాలి. తర్వాత ఒక చివర్నుంచి స్ప్రే కొట్టి, రెండో చివర కింద తెల్లగుడ్డ పట్టండి. గుడ్డ తెల్లగానే ఉంటే ఆ దారి అయిపోయినట్టు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించినా, ఊళ్ళోని లేత్ షాపులో చేయించినా, "అన్నీ కడిగే ఇచ్చాం" అన్న మాట నమ్మి ఈ పని వదలకండి.

గ్రైండింగ్ అయిన క్రాంకులో ఇంకో రెండు చూడాలి. ఆయిల్ రంధ్రాల నోళ్ళు గోటికి పదునుగా తగలకూడదు. పదునుంటే అది బేరింగ్ మెత్తని లోహాన్ని చుట్టూ గీరేస్తుంది. ఆ అంచుని సన్నని రాయితో మెల్లగా గుండ్రం చేసి, మళ్ళీ కడగండి. రెండోది జర్నల్‌ వెబ్బుని (జర్నల్‌నీ పిన్నునీ కలిపే పలక) కలిసే మూల. అక్కడ చిన్న వంపు ఉండి తీరాలి. రాయి సరిగ్గా తీర్చకుండా మూలను నిలువుగా కోసేస్తే క్రాంకు పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. అలా కోసిన క్రాంకు వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

బ్లాకుని కాస్టిక్ సోడా తొట్టెలో వేయనివ్వకండి. ఇనుప బ్లాకులు ఉడికించే ఆ తొట్టె అల్యూమినియాన్ని తినేస్తుంది. చాంబరు ముఖం, బేరింగ్ గూళ్ళు గరుకెక్కిపోతాయి. వేడి నీళ్ళు, బట్టల సబ్బు పొడి, గట్టి బ్రష్షు చాలు. హోనింగ్ అయిన బోరుని కిరసనాయిలుతో మాత్రమే తుడిస్తే రాయి పొడి గీతల్లో మిగిలిపోతుంది. సబ్బు నీళ్ళతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిచినా మరక రానంతవరకు కడగండి. ఆరగానే ఇంజిన్ ఆయిల్ పూయండి, లేకపోతే స్లీవు మీద గంటలోపే తుప్పు పొర కడుతుంది.

బ్లాకులోని మెయిన్ ఆయిల్ గ్యాలరీలో కూడా బ్రష్షు వేసి గాలి కొట్టండి. క్యాపు బోల్టుల రంధ్రాలు పూర్తిగా ఎండాలి. గుడ్డి రంధ్రంలో నూనె గానీ నీళ్ళు గానీ మిగిలితే బోల్టు దిగేటప్పుడు అది ఎటూ పోలేక అల్యూమినియాన్ని చీలుస్తుంది, లేదా చేతికి తప్పుడు టార్క్ చూపిస్తుంది.

మెయిన్ బేరింగులు ఎంచుకోవడం

ఈ ఇంజిన్లో బేరింగులు కొనడానికి "స్టాండర్డ్ సెట్టు" అంటే సరిపోదు. క్రాంకు గ్రైండింగ్ చేయించని పక్షంలో, వెబ్బుల మీద గుద్దిన ఐదు అంకెలు, బ్లాకు కింది ముఖం మీద గుద్దిన ఐదు అక్షరాలు కలిపి చదివితేనే ఏ జర్నల్‌కి ఏ రంగు బేరింగో తెలుస్తుంది. ఎడమ నుంచి మొదటిది పుల్లీ వైపు జర్నల్‌ది. జర్నల్ అంకె 1 అంటే 44.994–45.000 మి.మీ., 2 అంటే 44.988–44.994, 3 అంటే 44.982–44.988.

అంకె 1 ఉన్నచోట బ్లాకు అక్షరం ఏ అయితే ఆకుపచ్చ, బి అయితే నలుపు, సి అయితే రంగు లేనిది.
అంకె 2 కి వరసగా నలుపు, రంగు లేనిది, పసుపు.
అంకె 3 కి వరసగా రంగు లేనిది, పసుపు, నీలం.

ఆకుపచ్చ అన్నిటికంటే పల్చన, నీలం అన్నిటికంటే మందం. ఒక రంగుకీ పక్క రంగుకీ మందంలో తేడా 0.003 మి.మీ. మాత్రమే, చేతికి అస్సలు తెలియదు. ఒకే జర్నల్‌కి వేసే పై ముక్క, కింది ముక్క ఒకే రంగువి అయి ఉండాలి.

గ్రైండింగ్ చేయించాక జర్నల్ అంకెలు చెల్లవు. 0.25 తగ్గించిన మెయిన్ జర్నల్ 44.732–44.750 మధ్య, క్రాంక్ పిన్ను 41.732–41.750 మధ్య ఉండాలి. పిన్ను స్టాండర్డ్ కొలత 41.982–42.000. ప్రతి జర్నల్‌నీ రెండు చివర్ల దగ్గర, ఒక్కోచోట రెండు దిక్కుల్లో, మొత్తం నాలుగు కొలతలు తీయండి. వాటి మధ్య తేడా 0.01 మి.మీ. దాటితే ఆ జర్నల్ గుండ్రంగా లేదు లేదా ఏటవాలుగా ఉంది. క్రాంకు వంపు మధ్య జర్నల్ దగ్గర డయల్ గేజి మీద 0.06 మించకూడదు. రాడ్ బేరింగుల్లో 0.25 అండర్‌సైజ్ ముక్క వెనక యూఎస్025 అని గుద్ది ఉంటుంది. డబ్బా మీది స్టిక్కర్ నమ్మకుండా ముక్క తిప్పి చూడండి. కలగాపులగం అయ్యేది దుకాణంలోనే.

పొడిగా ఒకసారి బిగించి కొలవడం

బేరింగ్ ముక్క వెనక వైపు, అది కూర్చునే గూడు పూర్తిగా పొడిగా, శుభ్రంగా ఉండాలి. అక్కడ నూనె రాయొద్దు. ముక్కకీ గూటికీ మధ్య నూనె పొర ఉంటే వేడి బ్లాకులోకి పోవడం తగ్గుతుంది. ఒక వెంట్రుక చిక్కుకున్నా ముక్క అక్కడ ఉబ్బి, సరిగ్గా ఆ చోటే నల్లబడుతుంది. ముక్క నాలుక గూటి గాడిలో దిగాలి.

గాడి ఉన్న ముక్క బ్లాకులోకి, గాడి లేనిది క్యాపులోకి. తిప్పి వేస్తే జర్నల్‌కీ, అక్కణ్నుంచి రాడ్డుకీ ఆయిల్ సరిగా అందదు. బ్లాకులో వేసిన ముక్క రంధ్రం బ్లాకు ఆయిల్ రంధ్రంతో కలిసిందో లేదో ఐదుచోట్లా చూడండి.

ముక్క చివర్లు గూటి అంచు కంటే వెంట్రుకవాసి పైకి లేచి కనిపిస్తాయి. అది ఉండాల్సిందే. క్యాపు బిగించినప్పుడు ఆ ఎత్తు అణిగి ముక్కని గూటికి గట్టిగా అదుముతుంది. దాన్ని ఆకురాయితో అరగదీసినా, క్యాపు ముఖాన్ని తీసినా ముక్క గూట్లో తిరగడం మొదలవుతుంది. అలాగే బేరింగ్ బిగువుగా ఉందని ఎమరీ కాగితంతో రుద్దడం, వదులుగా ఉందని ముక్క వెనక రేకో కాగితమో పెట్టడం కూడా పాత అలవాటే. రెండూ మానేయండి. కొలత తప్పితే బేరింగ్ మార్చాలి, లేదా క్రాంకు మళ్ళీ లేత్‌కి వెళ్ళాలి.

ఇప్పుడు క్రాంకు నెమ్మదిగా, రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని దింపండి. ప్రతి జర్నల్ మీద ప్లాస్టిగేజ్ ముక్క పొడవునా పెట్టండి, ఆయిల్ రంధ్రం మీద పడకుండా. క్యాపులు వేసి టార్క్ చేయండి. ఈ దశలో మాత్రం క్రాంకు అస్సలు తిప్పకూడదు, తిప్పితే ప్లాస్టిగేజ్ పులుముకుపోతుంది. క్యాపు విప్పి, అణిగిన పట్టీలో అన్నిటికంటే వెడల్పున్న చోటు ప్లాస్టిగేజ్ కవరు మీది స్కేలుతో పోల్చండి. మెయిన్ క్లియరెన్సు (జర్నల్‌కీ బేరింగుకీ మధ్య సందు) 0.020–0.040 మి.మీ. ఉండాలి, హద్దు 0.060. పట్టీ ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే జర్నల్ ఏటవాలుగా ఉన్నట్టు. సగటు బాగుందని దాన్ని వదిలేయకండి.

క్లియరెన్సు 0.020 కంటే తక్కువుంటే ముందు ముక్క వెనక మురికి కోసం చూడండి, తర్వాత రంగు తప్పిందేమో చూడండి. గ్రైండింగ్ తప్పుందని అనుమానించడం ఆఖర్న.

క్రాంకు ఎక్కించడం

ప్లాస్టిగేజ్ గుర్తులు నూనె గుడ్డతో తుడిచేయండి, గీరొద్దు. బేరింగ్ ముఖాలకీ జర్నల్స్‌కీ శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ ధారాళంగా పోయండి. ఇంజిన్ నెలల తరబడి స్టార్ట్ కాకుండా ఉండబోతే అసెంబ్లీ లూబ్ వాడండి. చక్రాల బేరింగుల గ్రీజు వద్దు, అది ఆయిల్‌లో సరిగా కరగక సన్న దారుల్లో నిలుస్తుంది.

మధ్య జర్నల్ (రెండు, మూడు సిలిండర్ల మధ్యది) దగ్గర బ్లాకులో రెండు థ్రస్ట్ వాషర్లు (క్రాంకు ముందుకీ వెనక్కీ ఎక్కువ జరగకుండా ఆపేవి) కూర్చుంటాయి. గాడులున్న ముఖాలు బయటికి, అంటే క్రాంకు వెబ్బుల వైపు ఉండాలి. వెనక్కి తిప్పి వేస్తే వెబ్బుకీ వాషరుకీ మధ్య ఆయిల్ నిలవదు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంకు ముందుకి నెట్టబడుతుంది, వాషరు త్వరగా అరిగిపోతుంది. క్రాంకు దింపేటప్పుడు వాషరు కిందికి జారకుండా వెనక వైపు కాస్త చిక్కటి నూనె చుక్క పెడితే నిలుస్తుంది.

క్యాపుల మీద 1 నుంచి 5 అంకెలు, బాణం గుర్తు ఉంటాయి. బాణం పుల్లీ వైపు, అంకె 1 పుల్లీ దగ్గర. బోరు అన్ని క్యాపులూ బిగించి ఒకేసారి తొలిచింది కాబట్టి స్థానం మార్చినా, దిక్కు మార్చినా గూడు గుండ్రంగా ఉండదు. బోల్టు మరలకి, తల కింద కాస్త నూనె రాయండి. మధ్యది (3), తర్వాత 2, 4, చివర 1, 5 అనే వరసలో మూడు విడతలుగా బిగించాలి. మొదటి విడత 20, రెండో విడత 40 న్యూటన్ మీటర్లు, చివరిది 50–57. పాత రెంచి మీద కేజీ మీటర్లుంటే 5.0–5.7.

మొదటి రెండు విడతలు అయ్యాక తిప్పండి. చివరి విడతలో ఒక్కో క్యాపు బిగించగానే తిప్పండి. సీళ్ళు, పిస్టన్లు లేని క్రాంకు ఈ దశలో రెండు వేళ్ళతో ఫ్లైవీల్ కూర్చునే అంచు దగ్గర తోస్తే తిరగాలి, ఎక్కడా ముడి పడకూడదు. ఒక చుట్టులో ఒకే చోట బరువెక్కితే క్రాంకు వంకరగా ఉంది. చుట్టంతా ఒకేలా బరువుంటే ఆ చివరి క్యాపు బేరింగు చూడండి.

ఎండ్ ప్లే (క్రాంకు ముందుకీ వెనక్కీ జరిగే దూరం) కొలిచే ముందు క్రాంకుని ముందుకీ వెనక్కీ ఒక్కోసారి స్క్రూ డ్రైవరుతో తోయండి, థ్రస్ట్ వాషర్లు సరిగా కూర్చోవడానికి. డయల్ గేజి క్రాంకు చివర పెట్టి చదివితే 0.11–0.31 మి.మీ. రావాలి. 0.38 దాటితే 0.125 ఓవర్‌సైజ్ థ్రస్ట్ వాషర్లు వేయాలి. ఒక్కో వాషరు స్టాండర్డ్ మందం 2.500 మి.మీ., ఓవర్‌సైజ్‌ది 2.563 (0.125 అనేది రెండూ కలిపి పెరిగే మందం).

రింగులు, పిస్టన్లు

బోరులో పిస్టన్ క్లియరెన్సు 0.02–0.04 మి.మీ. పిస్టన్ని స్కర్ట్ (రింగుల కింద ఉండే భాగం) కింది అంచు నుంచి 15 మి.మీ. పైన, పిస్టన్ పిన్నుకి అడ్డంగా కొలవండి. నెత్తి మీద కొలిస్తే తక్కువ చూపిస్తుంది. బోరింగ్ చేయించి 0.25 లేదా 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తుంటే, ఏ పిస్టన్ ఏ బోరుదో కొలిచి గుర్తు రాసుకోండి. డబ్బాలో వచ్చిన వరసే వేయడం కుదరదు, సన్న తేడాలుంటాయి.

రింగు సందు చూడటానికి రింగుని ఒక్కదాన్నే బోరులో పెట్టి, తిరగేసిన పిస్టన్‌తో తిన్నగా కిందికి తోసి, ఫీలర్ గేజి పెట్టండి. పై రింగు 0.20–0.33 మి.మీ., రెండోది 0.20–0.35, ఆయిల్ రింగు పట్టీలు 0.20–0.70. సందు తక్కువున్న రింగు ఇంజిన్ వేడెక్కగానే చివర్లు ఒకదాన్నొకటి తన్ని బోరుని గీస్తుంది. ఆకురాయితో చివర్ల నుంచి కొద్దికొద్దిగా తీసి, అంచుల మీది పొరక తుడిచి మళ్ళీ చూడండి. సందు పెద్దదైతే తప్పుడు సైజు రింగులు తెచ్చారన్నమాట. బోరింగ్ చేయకుండా అరిగిన బోరులో ఓవర్‌సైజ్ రింగులు అరగదీసి వేయడం కొందరి చిట్కా. బోరు పైన వెడల్పు, కింద సన్నం కాబట్టి ఆ రింగు ఏదో ఒకచోట తప్పే ఉంటుంది.

పిస్టన్‌కి సర్‌క్లిప్పులుంటే వాటి నోరు పిస్టన్ మీది గాడి వైపు కాకుండా కిందికి లేదా పైకి ఉండేలా వేసి, గాడిలో పూర్తిగా దిగిందో లేదో తిప్పి చూడండి. పిన్ను రాడ్డులో బిగువుగా ప్రెస్ చేసే రకం అయితే లేత్ షాపులో ప్రెస్ మీద చేయించండి, సుత్తితో కొట్టొద్దు. రాడ్డు, పిస్టన్ కలిపేటప్పుడు దిక్కు ఇలా: పిస్టన్ నెత్తి మీది బాణం పుల్లీ వైపు ఉంటే, రాడ్డు మీది ఆయిల్ రంధ్రం ఇన్‌టేక్ మానిఫోల్డు వైపు రావాలి. ఆ రంధ్రంలోంచి చిమ్మే ఆయిల్ బోరు గోడకి పడుతుంది. రాడ్డు తిప్పి వేస్తే వెంటనే ఏమీ తెలియదు, ఆ గోడ మీద గీతలు పడ్డాకే తెలుస్తుంది.

రింగులు వేసే వరస కింది నుంచి పైకి. ముందు ఆయిల్ రింగు స్ప్రింగు (చివర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా), దాని కింద, పైన పల్చని పట్టీలు. తర్వాత రెండో రింగు, చివర్న పై రింగు. గుర్తు ఉన్న ముఖం పైకి రావాలి. పట్టీలకి పైనా కిందా తేడా లేదు. పై రింగు సందు, రెండో రింగు సందు ఎదురెదురుగా ఉంచండి, రెండూ పిన్ను గీతకి, పిస్టన్ బోరుని తన్నే పక్కలకి కాకుండా ఏటవాలుగా. ఆయిల్ పట్టీల సందులు ఆ రెండింటికీ దూరంగా.

రాడ్డు బోల్టుల మీద పెట్రోలు పైపు ముక్కలు తొడగండి. ఇనుప బోల్టు కొస క్రాంక్ పిన్నుకి తగిలితే గీత పడుతుంది. క్రాంక్ పిన్నుని అడుగుకి తెచ్చి, బోరుకీ పిస్టన్‌కీ నూనె పూసి, రింగ్ కంప్రెసర్ బిగించి, బ్లాకు ముఖానికి ఆనించి, సుత్తి చెక్క పిడితో మెల్లగా తట్టండి. రింగు కంప్రెసర్ అంచు దాటి బయటకి జారితే పిస్టన్ ఆగిపోతుంది. అక్కడ ఇంకో దెబ్బ వేశారో రింగు విరిగినట్టే. బయటికి తీసి మళ్ళీ బిగించండి.

రాడ్డు క్యాపు దాని రాడ్డుదే, బాణం పుల్లీ వైపు. ఇక్కడ కూడా ముందు ప్లాస్టిగేజ్: 0.020–0.050 మి.మీ., హద్దు 0.080. తర్వాత నూనె పోసి, నట్లు రెండు విడతల్లో 33–37 న్యూటన్ మీటర్లకి (3.3–3.7 కేజీ మీటర్లు) బిగించండి. ఒక్కో రాడ్డు బిగించగానే క్రాంకు తిప్పండి. రింగుల రాపిడి వల్ల ప్రతి సిలిండరుకీ కాస్త కాస్త బరువు పెరుగుతుంది, అది సమంగా పెరగాలి. ఏ ఒక్కటి బిగించాకో హఠాత్తుగా పెరిగితే ఆ క్యాపు విప్పి చూడండి. క్యాపులు తారుమారు అవడమే తరచుగా కారణం. రాడ్డు పక్క సందు ఫీలర్ గేజితో 0.10–0.20 మి.మీ., హద్దు 0.30. రాడ్డుని చేత్తో పక్కకి కదిపితే పిన్ను మీద స్వేచ్ఛగా జరగాలి.

ఆయిల్ పంపు, వెనక సీలు

పంపు ముందువైపు క్రాంకు మీదే కూర్చుని దానితోనే తిరుగుతుంది. పంపు విప్పి లోపలి రోటర్లు చూడకుండా ఎక్కించకండి. బయటి రోటరుకీ కేసుకీ మధ్య సందు 0.310 మి.మీ. దాటకూడదు, స్కేలు అడ్డంపెట్టి కొలిచే పక్క సందు 0.15 దాటకూడదు. కేసు లోపల గీతలుంటే పంపు మార్చేయడమే. క్రాంకు మీద వేలకి వేలు ఖర్చుపెట్టి పాత పంపు వేయడం అర్థంలేని పొదుపు. రిలీఫ్ వాల్వు కదులుతోందా చూసి, రోటర్ల మధ్య ఆయిల్ నింపండి. పొడి పంపు మొదటి స్టార్ట్‌లో ఆయిల్ లాగలేదు.

కొత్త సీలు పెదవికి నూనె రాసి, క్రాంకు కొస మీద పల్చని ప్లాస్టిక్ చుట్టి, దాని మీదుగా పంపు జరపండి. కొస అంచు, కీ గాడి సీలు పెదవిని కోసేస్తాయి. రెండు డోవెల్ పిన్నులు, కొత్త గాస్కెట్టు, బోల్టులు 9–12 న్యూటన్ మీటర్లు. వెనక సీలు హౌసింగ్‌ కూడా ఇంతే. బిగించాక రెండు గాస్కెట్ల కింది అంచులు చాంబరు ముఖం కంటే కిందికి పొడుచుకు వస్తాయి. పదునైన బ్లేడుతో బ్లాకు ముఖానికి సమంగా కోయండి. అది వదిలేస్తే చాంబరు ఆ మూలల్లో కూర్చోదు, ఆయిల్ కారడం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ మళ్ళీ ఒకసారి తిప్పండి. సీళ్ళ వల్ల కొద్దిగా బరువు పెరగడం మామూలే.

స్ట్రెయినరు, చాంబరు

స్ట్రెయినరు (పంపు ఆయిల్ లాగే జల్లెడ) పైపు చివర చిన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) ఉంటుంది. దీన్ని కొత్తది వేయండి, నూనె రాసి తిన్నగా దింపండి. ఇది కోసుకుపోతే పంపు ఆయిల్‌తో పాటు గాలి లాగుతుంది. ఇంజిన్ వేడెక్కగానే ఆయిల్ లైటు వెలుగుతుంది, కొత్త బేరింగులు, కొత్త పంపు ఉన్నా ఎందుకో అంతుబట్టదు. స్ట్రెయినరు బోల్టులు కూడా 9–12.

చాంబరుకి గాస్కెట్టు లేదు, సిలికాన్ మాత్రమే. రెండు ముఖాలూ థిన్నరుతో తుడిచి, నూనె జాడ లేకుండా చేయండి. చాంబరు అంచున బోల్టు రంధ్రాలకి లోపలి వైపుగా 3 మి.మీ. లావు గీత తెగకుండా వేయండి. ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. లోపలికి పిండుకొచ్చిన సిలికాన్ ముక్కలై స్ట్రెయినరు జల్లెడకి అంటుకుంటుంది. పాత ఇంజిన్లు విప్పితే జల్లెడ నిండా రంగు రంగుల సిలికాన్ దొరకడం షెడ్లలో మామూలు దృశ్యం. చాంబరు అంచు వంగి ఉంటే చెక్క దిమ్మ మీద పెట్టి తట్టి సరిచేయండి. బోల్టులు మధ్య నుంచి రెండు వైపులకీ, 9–12 న్యూటన్ మీటర్లు. చాంబరు బిగించే ముందు లోపల పనిముట్టు, వాషరు, గుడ్డ ముక్క ఏమైనా ఉందేమో టార్చి వేసి చూడండి.

ఫ్లైవీల్ బోల్టులు, క్రాంకు టైమింగ్ పుల్లీ బోల్టు టార్క్ ఎనిమిది వాల్వుల, పదహారు వాల్వుల ఇంజిన్లలో వేరువేరు. మీ ఇంజిన్ మాన్యువల్ చూసి బిగించండి. పుల్లీ బోల్టు విషయంలో ఉజ్జాయింపు పనికిరాదు. అది కాస్త వదులైతే కీ, కీ గాడి కొట్టుకుపోయి కొత్తగా గ్రైండ్ చేసిన క్రాంకు ముక్కు పాడవుతుంది. జిప్సీలో ఫ్లైవీల్ మధ్య ఉండే చిన్న బేరింగుని వేలితో తిప్పి చూడండి, గరుకుంటే ఇప్పుడే మార్చండి. తర్వాత మార్చాలంటే గేర్ బాక్సు మళ్ళీ దించాలి.

హెడ్డు ఎక్కించేదాకా కొన్ని రోజులు ఆగాల్సి వస్తే బోరుల్లో నూనె పోసి, రెండు మూడు చుట్లు తిప్పి, పైన ప్లాస్టిక్ కప్పి కట్టండి. ఇంజిన్ పూర్తయి ఫిల్టరు, ఆయిల్ వేశాక ప్లగ్గులు తీసేసి, ఇగ్నిషన్ కాయిలు తీగ విప్పి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టరుతో తిప్పండి. పది సెకన్లకి మించి ఒకేసారి కొట్టొద్దు, మధ్యలో స్టార్టరు చల్లారనివ్వండి. లైటు ఆరకపోతే ప్లగ్గులు వేయకండి. ముందు స్ట్రెయినరు ఓ రింగు, తర్వాత పంపులో ఆయిల్ నింపారో లేదో, ఆ వరసలో వెతకండి.